టైరు లోపలి అంచు: రవాణా కమిషనర్లకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రవాణా కమిషనర్లకు,



రోడ్డు పక్కన కారు ఆపిన మీ ఇన్‌స్పెక్టరు బండి చుట్టూ ఒకసారి తిరుగుతాడు. నంబరు ప్లేటు, అద్దాలకు అంటించిన నల్ల ఫిల్ము, సైలెన్సరు మోత, ఎప్పుడైనా తగిలితే సోకు కోసం లోపలికి వాల్చిన ఒంగిన చక్రాలు. ఇవన్నీ నిలబడి చూస్తే తెలిసిపోయేవే. పోతూ పోతూ టైరు మీద కూడా ఒక చూపు వేస్తాడు. ఆ చూపు పడేది టైరు బయటి అంచు మీద. టైరు చచ్చేది మాత్రం చాలాసార్లు లోపలి అంచున. నేను రాస్తున్నది ఆ లోపలి అంచు గురించి.

నేను విజయవాడ ఆటోనగర్‌లో వీల్ అలైన్‌మెంట్ పని చేసేవాణ్ణి. దారం కట్టి కొలిచిన రోజులూ చూశాను, కెమెరాలు కొలిచే త్రీడీ మిషన్లూ చూశాను. చట్టం చదువుకున్నవాణ్ణి కాను గానీ నా పనికి తగిలే సెక్షన్లు తెలుసుకున్నాను. అంతకుమించి హోదా ఏమీ లేదు.

అందరి కళ్లూ ఒంగిన చక్రాల మీదే ఉన్నాయి కాబట్టి ముందు వాటి సంగతే చెబుతాను. కారు ఎదుట నిలబడి ముందు చక్రాలను చూడండి. చక్రం నిట్టనిలువుగా ఉంటే కాంబర్ సున్నా. పైభాగం కారు లోపలికి వాలితే నెగెటివ్, బయటికి వాలితే పాజిటివ్. మామూలు కార్లకు కంపెనీలు పెట్టేది సున్నాకూ మైనస్ ఒక డిగ్రీకీ మధ్య, కాస్త అటూ ఇటూగా ఉంటుంది. 600 మిల్లీమీటర్ల ఎత్తున్న టైరుకు ఒక డిగ్రీ వాలు అంటే పై అంచుకూ కింది అంచుకూ 10 మిల్లీమీటర్ల తేడా. కంటికి ఆనదు. పది డిగ్రీలు వాల్చితే ఆ తేడా 100 మిల్లీమీటర్లు దాటుతుంది. నాలుగంగుళాలు! అది వీధి మలుపు నుంచే కనబడుతుంది, కనబడాలనే పెట్టిస్తారు కూడా.

ఈ వాలు సోకు కోసం పుట్టింది కాదు. కారు వేగంగా మలుపు తిరిగితే దాని ఒళ్లు బయటివైపుకు ఒరుగుతుంది. ఆ వైపు చక్రం కూడా వెంట ఒరిగి, టైరు బయటి అంచు మీదికి వచ్చేస్తుంది. మలుపులో ఎక్కువ బరువు మోసేది ఆ చక్రమే. దాన్ని ముందే కొంచెం లోపలికి వాల్చి ఉంచితే, కారు ఒరిగే వేళకు అది తిన్నగా నిలబడి నేలను నిండుగా పట్టుకుంటుంది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు చూసినవాళ్లకు ఆ కార్ల ముందు చక్రాలు పైన లోపలికి వాలి ఉండటం గుర్తుండే ఉంటుంది. అమెరికాలో నాస్కార్ ఓవల్ ట్రాకుల మీద కార్లు ఎప్పుడూ ఎడమకే తిరుగుతాయి. అందుకని కుడి చక్రాలకు నెగెటివ్, ఎడమ చక్రాలకు పాజిటివ్ పెట్టి, నాలుగింటినీ ఎడమవైపుకే వాలుస్తారు. ఎదురుగా చూసేవాడికి బండి ఏదో గుద్దుకుని వచ్చినట్టే ఉంటుంది. ఆ ట్రాకు మీద మాత్రం అదే సరైన అలైన్‌మెంట్.

అంత లెక్కలున్న రేసుల్లోనూ హద్దు దాటితే టైరు ఊరుకోదు. 2011 బెల్జియం గ్రాండ్ ప్రిలో రెడ్‌బుల్ జట్టు పిరెల్లి కంపెనీ చెప్పిన హద్దు కన్నా ఎక్కువ కాంబర్‌తో కార్లు తిప్పింది. ముందు టైర్ల లోపలి వైపు వేడికి బొబ్బలు లేచాయి. రేసు మొదలవకముందే జట్టంతా తలపట్టుకుంది. చివరికి సెబాస్టియన్ వెటెల్ గెలిచాడు గానీ, ఆ పోటీ తర్వాత కాంబర్ హద్దుల విషయంలో పట్టు బిగిసింది. పైగా రేసు టైరు కొన్ని ల్యాపులు బతికితే చాలు, పిట్‌లోకి రాగానే కొత్తది పడుతుంది. మన కారు టైరు నలభై యాభై వేల కిలోమీటర్లు, రెండు మూడు వానాకాలాలు నడవాలి.

సోకు కథ జపాన్‌లో బలపడింది. కారును నేలకు ఆనేంతగా దించడాన్ని అక్కడ షాకోటాన్ అన్నారు. దించిన కారులో వెడల్పు రిమ్ములు ఫెండరు కింద ఇమడాలంటే చక్రాన్ని లోపలికి వాల్చక తప్పదు. కొన్ని రకాల సస్పెన్షన్లలో కారు దించితే చక్రం తనంతట తానే వాలుతుంది. మొదట అవసరానికి వచ్చిన వాలు తర్వాత అదే పనిగా పెంచే అందమైపోయింది. బాగా వాల్చినదానికి ఒనిక్యాన్ అని పేరు, అంటే రాక్షస కాంబర్. దీన్ని పిచ్చి అని కొట్టిపారేయను. ఫెండరు అంచుకూ రిమ్ము అంచుకూ మధ్య సందును మిల్లీమీటర్లలో కుదర్చడం చేతిపని తెలిసినవాడికే సాధ్యం. అది నా కళ్లకు అందంగానే ఉంటుంది, ఎగ్జిబిషన్ హాల్లో, ట్రైలరు మీద వచ్చి ట్రైలరు మీద పోయే కారుకు.

రోడ్డు మీద లెక్క వేరు. కారు మొత్తాన్నీ నేలకు పట్టి ఉంచేది ఒక్కో టైరు కింద అరచేయంత రబ్బరు. చక్రాన్ని పది డిగ్రీలు వాలిస్తే ఆ అరచేతిలో చిటికెన వేలే మిగులుతుంది. బ్రేకు వేస్తే ఆగాల్సింది దాని మీదే. వానలో నీళ్లను తోసేయాల్సిన గాడులు చాలావరకు గాలిలో ఉంటాయి. మిగిలిన సన్నని పట్టీ మీద బరువంతా పడి వేడెక్కి, ముందు రబ్బరు పోతుంది, తర్వాత లోపలి స్టీలు తీగలు తేలతాయి. వెడల్పు రిమ్ముకు సన్నని టైరు సాగదీసి ఎక్కించేవాళ్లు ఇంకో ప్రమాదం కొని తెచ్చుకుంటారు: గోతిలో పడ్డప్పుడు టైరు అంచు రిమ్ము నుంచి ఊడివచ్చేస్తుంది. బేరింగులు, బాల్ జాయింట్ల సంగతి చెప్పనక్కర్లేదు. కాబట్టి అలాంటి బండిని ఆపితే మీ ఇన్‌స్పెక్టరుది తప్పని నేననను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది. కంపెనీ ఇచ్చిన కొలతలకు విరుద్ధంగా బండిని మార్చడానికి వీల్లేదని 2019 జనవరి 9న సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా అంటోంది, ఆరు నెలల దాకా జైలు కూడా పడొచ్చు.

చట్టం ఉంది, శిక్ష ఉంది. అయితే అలాంటి కార్లు మన ఊళ్లలో ఎన్ని? ఫోను తెర మీద కనిపించినన్ని రోడ్డు మీద కనిపించవు. మా షాపుకు వచ్చే బండ్లలో బాగా అరిగిన టైరున్నది ఒంగిన చక్రాల కుర్రాడి కారు కాదు. పెళ్లికి వెళ్లొచ్చిన కుటుంబం కారు, రోజూ ఎయిర్‌పోర్టుకు తిరిగే ట్యాక్సీ, రిటైరైన మాస్టారి పాత హ్యాచ్‌బ్యాక్. వీటికి ఎవరూ ఏమీ మార్చలేదు. గోతులూ, రంగు వేయని స్పీడు బ్రేకర్లూ, రాత్రిపూట కనబడని డివైడరు మొదలూ మార్చాయి. లోయర్ ఆర్మ్ ఒంగింది, బుష్ చినిగింది, టై రాడ్ లూజు పట్టింది. బయట నుంచి చూస్తే టైరు గాడులు బాగానే ఉంటాయి. బండిని లిఫ్టు మీద ఎత్తి లోపలి వైపు వేలు పెడితే తీగ గుచ్చుకుంటుంది.

ఇక్కడ కాంబర్ కన్నా పెద్ద దొంగ టో. పై నుంచి చూస్తే రెండు ముందు చక్రాలు ఎంత తిన్నగా ముందుకు చూస్తున్నాయన్నదే టో. రెండు చక్రాల మధ్య దూరంలో ముందు వైపుకూ వెనక వైపుకూ 3 మిల్లీమీటర్ల తేడా ఉందనుకుందాం. 600 మిల్లీమీటర్ల చక్రాలు ఆ తేడాను చెరిసగం పంచుకుంటే, ఒక్కో టైరు ప్రతి కిలోమీటరుకూ రెండున్నర మీటర్లు అడ్డంగా ఈడ్చుకుపోతుంది. 10,000 కిలోమీటర్లకు అది 25 కిలోమీటర్లవుతుంది. గుంటూరు నుంచి మంగళగిరి దాటేంత దూరం టైరును రోడ్డు మీద అడ్డంగా పెట్టి లాగినట్టు లెక్కేసుకోండి. కాంబర్ ఒక డిగ్రీ తప్పితే టైరు మెల్లగా ఒక అంచు అరుగుతుంది. టో తప్పితే కొద్ది వేల కిలోమీటర్లకే గుండైపోతుంది. కాంబరూ టో రెండూ ఒకేసారి తప్పితే ఆ లోపలి అంచును దేవుడు కూడా కాపాడలేడు. క్యాస్టర్ అని మూడో కోణం ఒకటుంది. అది టైరును పెద్దగా తినదు, స్టీరింగు తనంతట తాను మధ్యకు రావడం దాని పని. దాన్ని ఇక్కడితో వదిలేస్తాను.

బండి యజమానులు వచ్చి చెప్పే మాటలు రెండే. ఒకటి, స్టీరింగు వణుకుతోంది. ఎనభై దాటితే వణికే స్టీరింగుకు చాలాసార్లు కారణం బ్యాలెన్సింగు, అలైన్‌మెంట్ కాదు. రెండు, బండి ఎడమకు లాగుతోంది. వాన నీరు పోవడానికి రోడ్డును మధ్యలో ఎత్తుగా, అంచులకు వాలుగా వేస్తారు. మనం ఎడమవైపు నడుపుతాం కాబట్టి మంచి బండి కూడా కొంచెం ఎడమకే జారుతుంది. ఆ కొంచెం ఎంతో తెలియక అనవసరంగా డబ్బు పోసేవాళ్లున్నారు, నిజంగా ఒంగిన ఆర్మును రోడ్డు మీదికి తోసేసి తిరిగేవాళ్లూ ఉన్నారు. ఇక లోపలి అంచు అరుగుతోందని వచ్చే మనిషి దాదాపు ఉండడు. అది వాళ్లకు కనబడదు, వణకదు, లాగదు కూడా. రెండు వైపులా సమానంగా తప్పితే బండి రోడ్డు మీద తిన్నగానే పోతుంది, టైర్లు మాత్రం రెండూ అరిగిపోతుంటాయి.

ఒంగిన చక్రాల పేరు చెప్పి కుర్రాళ్లనే తప్పుపట్టడం కూడా అన్యాయమే. చక్రం కోణాన్ని తేలిగ్గా తీసుకోవడంలో కంపెనీల చరిత్ర తక్కువది కాదు. అమెరికాలో జనరల్ మోటార్స్ 1960 మోడల్‌గా వదిలిన షెవర్లే కోర్‌వెయిర్‌కు వెనక స్వింగ్ యాక్సిల్ ఉండేది. ఆ ఏర్పాటులో చక్రం పైకీ కిందికీ ఆడినప్పుడల్లా కాంబర్ బాగా మారిపోతుంది. మలుపు గట్టిగా తిప్పితే కారు వెనక భాగం పైకి లేచి, బయటి చక్రం కిందికి మడతపడే ప్రమాదం ఉంది. దాన్ని అదుపులో పెట్టడానికి కంపెనీ ఎంచుకున్న మార్గం గాలి: ముందు టైర్లకు 15 పౌండ్లు, వెనక టైర్లకు 26. ఇంత తేడా ఎందుకో కొన్నవాళ్లలో ఎంతమందికి తెలుసు? బంకులో కుర్రాడు అన్నిటికీ ఒకటే కొట్టేస్తే రక్షణ అక్కడే ఊడిపోయింది. 1964 మోడల్‌లో ఒక స్ప్రింగు చేర్చారు, 1965 మోడల్‌లో వెనక సస్పెన్షన్ మొత్తాన్నీ మార్చారు. అదే 1965లో రాల్ఫ్ నేడర్ కార్ల భద్రత మీద రాసిన పుస్తకం మొదటి అధ్యాయం ఈ కారు మీదే. 1972లో అమెరికా ప్రభుత్వ నివేదిక, ఆనాటి తోటి కార్ల కన్నా ఇది ప్రత్యేకంగా ప్రమాదకరం కాదని తేల్చింది. అది నేడర్ అభిమానులు సాధారణంగా చెప్పరు, నేను చెబుతున్నాను. కానీ నడిపేవాడికి తెలియని ఒక అంకె మీద భద్రతను నిలబెట్టడం అన్న తప్పు మాత్రం ఆ నివేదికతో పోదు.

అదే తప్పు ఇప్పుడు మన దగ్గర వేరే రూపంలో ఉంది. కారు కొన్నవాడికి తన బండి కాంబర్, టో ఎంత ఉండాలో చెప్పేవాడు లేడు. మిషను తెర మీద పచ్చరంగు వస్తే సరే, ఎర్రరంగు వస్తే తప్పు, అంతవరకే వాడికి తెలిసేది. మా వాళ్లను కూడా వదలను. మన రోడ్ల మీద తిరిగే చిన్న కార్లలో ఎక్కువ వాటికి ముందు టో తప్ప మరేదీ తిప్పడానికి నట్టు ఉండదు. వెనక ఒకే దూలం లాంటి యాక్సిల్, అక్కడా తిప్పేదేమీ ఉండదు. కాంబర్ ఎర్రగా చూపిస్తే "అది అడ్జస్ట్ కాదు సార్" అని పంపేస్తారు. అడ్జస్ట్ కాదన్నది నిజమే. అడ్జస్ట్ కానిది తప్పిందంటే ఏదో ఒంగింది, లేదా అరిగింది; అది చెప్పాల్సిన మాట. చెబితే పని పెద్దదవుతుంది, కస్టమరు పక్క షాపుకు పోతాడు. అందుకని టో ఒక్కటి సరిచేసి, స్టీరింగు తిన్నగా పెట్టి, డబ్బు తీసుకుంటారు. నిజానికి మొదట అన్ని టైర్లలో గాలి సరిచూడాలి, ఆ తర్వాత జాయింట్ల ఆట చూడాలి, ఆ తర్వాతే మిషను క్లాంపులు చక్రాలకు తగిలించాలి. లూజు పట్టిన జాయింటు మీద చేసిన అలైన్‌మెంట్ షాపు గేటు దాటేసరికే పోతుంది. పెట్రోలు బంకు మీటరుకు సీలు ఉంటుంది, కిరాణా కొట్టు కాటాకు ముద్ర ఉంటుంది. మా మిషను కొలిచేది సరైన కోణమేనా అని అడిగినవాణ్ణి నేను నా పనిలో చూడలేదు.

ఇంకో అలవాటు ఉంది. లోపల అరిగిన టైరును విప్పి, రిమ్ము మీద తిరగేసి ఎక్కిస్తారు. అరిగిన అంచు బయటికి వస్తుంది, మంచి అంచు లోపలికి పోతుంది. ఒక వైపుకే తిరగాలనో, ఫలానా వైపు బయటికే ఉండాలనో గుర్తున్న టైర్లకు ఇది పనికిరాదు, మిగిలినవాటికి ఇంకొన్నాళ్లు నడుస్తుంది. పేదవాడి ట్యాక్సీకి అది నేను తప్పుపట్టే పని కాదు. కానీ కోణం సరిచేయకుండా టైరును మాత్రం తిరగేస్తే, రెండో అంచును కూడా అదే దోవన పంపినట్టు. అప్పుడు ఆ టైరుకు రెండు భుజాలూ ఉండవు.

మీ చేతిలో ఇప్పటికే ఉన్నవాటి సంగతికి వస్తాను. కారు టైరు గాడుల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదని కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు చెబుతున్నాయి. ఆ లోతును బయటి అంచున చూసి సరిపెట్టుకుంటే నిబంధన ఉన్నా లేనట్టే. ట్యాక్సీలకు మొదటి ఎనిమిదేళ్లు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ ఉంది. సొంత కారుకు రిజిస్ట్రేషన్ అయిన పదిహేనేళ్ల దాకా ఎవరూ ఫిట్‌నెస్ అడగరు. ఈలోగా దాని పొగను ఏటా కొలిచి కాగితం ఇస్తాం, టైరును ఒక్కసారి కూడా కొలవం. జపాన్‌లో సొంత కారుకైనా మొదటి మూడేళ్లకూ, ఆ తర్వాత ప్రతి రెండేళ్లకూ తనిఖీ తప్పదు. ఆ తనిఖీలో పక్కకు జరిగే ఒక పలక మీద నుంచి బండిని మెల్లగా నడిపిస్తారు. మీటరు దూరానికి పలక పక్కకు 5 మిల్లీమీటర్లకు మించి జరగకూడదు. 2021లో మన ఆటోమేటెడ్ టెస్టింగ్ స్టేషన్ల నిబంధనలు వచ్చినప్పుడు ఈ సైడ్ స్లిప్ పలక మన దగ్గరికీ వచ్చింది. మంచిదే. అయితే పలకను పూర్తిగా నమ్మకండి. వాలిన చక్రం పక్కకు తోసే బలాన్ని, టోను ఎదురు దిక్కుకు తిప్పి పుట్టించే బలంతో సరిపెట్టేయవచ్చు. అప్పుడు పలక కదలదు, టైరు అరగడం ఆగదు. ఈ కిటుకు రాక్షస కాంబర్ వాళ్లకు తెలుసు. మన గోతులకు తెలియదు గానీ, గోతులు కూడా అప్పుడప్పుడూ అనుకోకుండా అదే చేస్తాయి.

ఒక కొత్త చట్టం కావాలని నేను అడగడం లేదు. కోట్ల ఖర్చుతో మిషన్లు పెట్టమనీ అడగడం లేదు. ఫిట్‌నెస్‌కు వచ్చిన ట్యాక్సీకి పాస్, ఫెయిల్ అని ఊరుకోకుండా, పలక చూపించిన అంకె కాగితం మీద రాసి డ్రైవరు చేతికివ్వండి. అదే కాగితం పట్టుకుని అతను మా దగ్గరికి వస్తే మేము తప్పించుకోలేం. అలైన్‌మెంట్ చేసిన ప్రతి షాపూ పని ముందు కొలత, పని తర్వాత కొలత అచ్చువేసి ఇవ్వాలని, సరికాని కోణం ఉంటే అది ఎందుకు సరికాలేదో ఒక వాక్యం రాయాలని మీ పేరున ఒక సూచన వెళ్తే, సగం షాపులైనా దారికొస్తాయి. మా మిషన్లకు ప్రింటరు ఉంది, వాడట్లేదు అంతే. చక్రాలు వాల్చుకునే సరదా ఉన్న కుర్రాళ్లకు కూడా చెప్పండి: ఎగ్జిబిషన్‌కు ట్రైలరు మీద తీసుకుపో, రోడ్డు మీదికి తెస్తే జరిమానా కట్టు. వాళ్లకు ఆ మాట అర్థమవుతుంది. అర్థం కాకపోయినా 5,000 రూపాయలు అర్థమవుతాయి.

రోడ్డు మీద తనిఖీకి ఇవేవీ అక్కర్లేదు. ముందు టైరు లోపలి అంచు చూడ్డానికి లిఫ్టు అవసరం లేదు, పడుకోవడం అవసరం లేదు. డ్రైవరును స్టీరింగు ఒక వైపుకు పూర్తిగా తిప్పమనండి, ఒక టైరు లోపలి వైపు బయటపడుతుంది. రెండో వైపుకు తిప్పమనండి, రెండోది. బండికి అర నిమిషం. జేబులో గాడుల లోతు కొలిచే చిన్న గేజి ఉంటే మరీ మంచిది, లేకపోతే వేలు చాలు. వానలు మొదలయ్యేలోగా మీ మోటారు వాహన ఇన్‌స్పెక్టర్లందరికీ ఈ ఒక్క పని చెబుతూ ఒక సర్క్యులర్ పంపండి.

ఇట్లు,
ఒక అలైన్‌మెంట్ మెకానిక్,
ఆటోనగర్, విజయవాడ.